వైజాగ్ గ్రౌండ్‌లో బౌలర్ల రోజులు: మీ లెక్కలో ఏ స్పెల్ పైన?

లంక_లెఫ్టార్మ్ | శనివారం, రాత్రి 9:10

అందరికీ నమస్కారం అండి. సాయంత్రం రేవు దగ్గర కూర్చుంటే మా బ్యాచ్‌లో ఒకటే గోల. వైజాగ్ స్టేడియం అంటే చాలు, ఎవణ్ణి కదిపినా ధోనీ 148 అంటాడు. 2005 ఏప్రిల్ 5, పాకిస్తాన్ మీద. అప్పటికి పుట్టనివాడు కూడా గట్టు మీద కూర్చుని చూసినట్టే చెబుతాడు. ఆ తర్వాత కోహ్లీ 157, రోహిత్ 159, జైస్వాల్ 209. గంటసేపు మాట్లాడారు, ఒక్క బౌలర్ పేరు రాలేదు. పదిహేనేళ్లు ఎడమచేత్తో టెన్నిస్ బంతి వేసినవాణ్ణి, నాకు కడుపు మండదా?

అందుకే అడుగుతున్నాను. పోతినమల్లయ్యపాలెంలో ఉన్న ఈ వైజాగ్ స్టేడియంలో మీకు గుర్తుండిపోయిన బౌలింగ్ ఏది? ఎన్ని వికెట్లు అని మాత్రమే కాదు, ఎందుకు గుర్తుందో కూడా రాయండి. ఉత్త అంకెలైతే నేనూ ఫోన్‌లో చూసుకోగలను.

గోదారి_గణాంకం | రాత్రి 9:24

అంకెలు వద్దన్నావు కాబట్టి ముందు అంకెలే ఇస్తాను.

అక్కడ ఇంగ్లండ్‌తో 2016లో, దక్షిణాఫ్రికాతో 2019లో, మళ్లీ ఇంగ్లండ్‌తో 2024లో టెస్టులు ఆడారు. మూడూ మనమే గెలిచాం. ఐదు, అంతకు మించి వికెట్లు తీసినవాళ్లు: అశ్విన్ 67 పరుగులకు 5, మళ్లీ అశ్వినే 145కి 7, షమీ 35కి 5, బుమ్రా 45కి 6. నలుగురూ అనబోయాను, ముగ్గురే. బయటి జట్ల బౌలర్ ఒక్కడూ ఈ మూడు టెస్టుల్లో ఐదు దాకా రాలేదు. 2016లో ఇంగ్లండ్ బౌలర్ బ్రాడ్ 33కి 4 దగ్గర ఆగాడు, అదీ పాదానికి దెబ్బ తగిలిన కాలుతో.

వన్డేల్లో అమిత్ మిశ్రా 18కి 5, స్టార్క్ 53కి 5. టీ20ల్లో శ్రీలంక మీద అశ్విన్ 8 పరుగులకు 4, 2016 ఫిబ్రవరి 14న. ఆ రోజు కొత్త బంతి అతనికే ఇచ్చారు. శ్రీలంక 82కి చాప చుట్టేసింది.

ఇక కొట్టుకోండి.

అరటిగెల_రావులపాలెం | రాత్రి 9:31

కొట్టుకునేదేముందండి, అమిత్ మిశ్రా. అయిపోయింది, థ్రెడ్ మూసేయండి.

2016 అక్టోబరు 29, న్యూజిలాండ్‌తో ఐదో వన్డే. సిరీస్ 2-2. మర్నాడు దీపావళి. మనవాళ్లు 269 కొడితే, ఇది చాలదేమో అని మా నాన్న మొహం అదోలా పెట్టాడు. న్యూజిలాండ్ 79 ఆలౌట్! మిశ్రా వేసింది ఆరే ఓవర్లు. గూగ్లీ ఎటు తిరుగుతుందో చదవలేక ఒకడి వెనక ఒకడు వెళ్లిపోయారు. మేము దీపావళికని దాచుకున్న సీమటపాకాయల్లో సగం ఆ రాత్రే అయిపోయాయి.

ఇంకో సంగతి. ఆ మ్యాచ్‌లో మనవాళ్ల చొక్కాల మీద వాళ్ల అమ్మల పేర్లు ఉన్నాయి. ధోనీ వీపు మీద దేవకి. మా అమ్మ టీవీ దగ్గరికొచ్చి, "ఇదేంట్రా, అందరూ ఆడోళ్ల పేర్లు పెట్టుకున్నారు?" అంది. సంగతి చెప్పాను. ఆవిడ క్రికెట్ మ్యాచ్ కూర్చుని చూసింది ఆ ఒక్క రోజే.

గోదారి_గణాంకం | రాత్రి 9:36

మిశ్రాకి ఆ మ్యాచ్‌లోనూ అవార్డు, సిరీస్‌కీ అవార్డు. సిరీస్‌లో 15 వికెట్లు. అదే అతని ఆఖరి వన్డే. మళ్లీ ఎప్పుడూ వన్డే జట్టులో ఆడలేదు.

అరటిగెల_రావులపాలెం | రాత్రి 9:37

అదిగో, పండగ పూట ఏడిపించడానికి ఒకడు ఉంటాడు.

భీమవరం_రొయ్య | రాత్రి 9:52

మీరందరూ టీవీలో చూసి చెబుతున్నారు. నేను టికెట్ కొని మరీ ఏడ్చి వచ్చాను, నా గోడు వినండి.

2023 మార్చి 19, ఆస్ట్రేలియాతో వన్డే. ముందు రోజంతా వాన భయం. చెరువుకి మేత వేసే పని బావమరిదికి అప్పజెప్పి, తెల్లవారుజామున బయల్దేరాం నలుగురం. మధ్యాహ్నం మ్యాచ్, కాంప్లెక్స్ దగ్గర తిని, స్టేడియంలో కూర్చుని ఇంకా నీళ్ల సీసా మూత తియ్యలేదు, స్టార్క్ మొదటి ఓవర్లోనే గిల్ వెళ్లిపోయాడు. తర్వాత రోహిత్, స్లిప్‌లో స్మిత్ చేతికి. ఆ వెంటనే సూర్యకుమార్, మొదటి బంతికే ఎల్బీ. రెండు రోజుల ముందు ముంబైలోనూ అతనికి అదే బౌలర్, అదే ఎల్బీ, అదీ మొదటి బంతే. తర్వాత రాహుల్.

మేము కూర్చున్న చోటు నుంచి బంతి లోపలికి రావడం కనబడలేదండి. బ్యాట్స్‌మన్ ముందు కాలు అడ్డంగా పడడం, స్టార్క్ వెనక్కి తిరిగి అంపైర్ వైపు చేతులు చాపడం, అంతే కనబడింది. మూడోసారి పక్కాయన, "ఈయన బంతి వెయ్యట్లేదండి, కాళ్లకి తాడు వేస్తున్నాడు" అన్నాడు.

26 ఓవర్లలో 117. వాళ్లు 11 ఓవర్లలో ఒక్క వికెట్ పడకుండా కొట్టేశారు. ఇంకా 234 బంతులు మిగిలాయి. పొద్దు గూకకముందే బస్సెక్కేశాం. ఇంటికెళ్తే మా ఆవిడ, "మ్యాచ్ రద్దయిందా?" అంది. అవునన్నాను.

నా ఓటు స్టార్క్‌కే. నా డబ్బులు మింగినవాడు కదా, ఆ మాత్రం గౌరవం ఇవ్వాలి.

లంక_లెఫ్టార్మ్ | రాత్రి 9:58

రొయ్య అన్నా, ఎడమచేతి వాళ్లకి ఓటేసినందుకు నీకు ఓ గెల కొబ్బరిబోండాలు బాకీ.

పాలకొల్లు_పెద్దాయన | రాత్రి 10:15

పిల్లలూ, మీ అందరికంటే ముందు లెక్క నాది. 1988 డిసెంబరు 10. వైజాగ్‌లో న్యూజిలాండ్‌తో వన్డే. పాలకొల్లులో బండెక్కి, నిడదవోలులో మారి, ముందు రోజు రాత్రికే చేరుకున్నాం. మేం వెళ్లింది కృష్ణమాచారి శ్రీకాంత్ బ్యాటింగ్ కోసం. ఆయన బంతి తీసుకుంటే అందరం నవ్వాం. ఎప్పుడో సరదాకి వేసే ఆఫ్ స్పిన్, ఏముంటుంది అందులో?

27 పరుగులకు 5 వికెట్లు. తర్వాత బ్యాటు పట్టుకుని 70 పరుగులు. ఒకే వన్డేలో అర్ధ సెంచరీ, ఐదు వికెట్లు రెండూ చేసిన మొదటి భారతీయుడు ఆయనే. అదే సిరీస్‌లో ఇండోర్‌లో మళ్లీ ఐదు తీశాడు, ఎవరైనా గాలివాటం అంటారేమోనని.

ఆ రోజు బంతి బంతికీ స్కోరు రాసుకున్న నోట్‌బుక్ ఇంకా ఇంట్లో ఉండాలి.

గోదారి_గణాంకం | రాత్రి 10:20

మాస్టారూ, నమస్కారం. కానీ అది ఈ స్టేడియం కాదండి. 1988 మ్యాచ్ ఊళ్లో ఉన్న ఇందిరా ప్రియదర్శిని స్టేడియంలో. మధురవాడ వైపు కొత్త గ్రౌండ్‌లో మొదటి వన్డే 2005లోనే.

పాలకొల్లు_పెద్దాయన | రాత్రి 10:26

తెలుసు నాయనా. ఇల్లు మారితే తాతగారు మారతారా?

అరటిగెల_రావులపాలెం | రాత్రి 10:27

గణాంకం అవుట్! మాస్టారూ, ఆ నోట్‌బుక్ పేజీ ఫొటో పెట్టండి, చూసి తరిస్తాం.

నరసాపురం_లేసు | రాత్రి 10:41

ఇంతమంది మాట్లాడారు, ఆడవాళ్ల మ్యాచ్ ఒక్కరికి గుర్తు రాలేదు. చొక్కా మీద అమ్మ పేరు మాత్రం గుర్తుంది. ఆయ్, సరేనండి.

2025 అక్టోబరు 12, వరల్డ్ కప్, ఆస్ట్రేలియాతో. ఆ రోజే ఆ స్టేడియంలో ఒక స్టాండుకి మిథాలీ రాజ్ పేరు, ఒక గేటుకి మన రావి కల్పన పేరు పెట్టారు. స్మృతి 80, ప్రతికా 75 కొట్టి మంచి ఊపు మీద ఉంటే, చివర్లో ఆస్ట్రేలియా బౌలర్ సదర్లాండ్ వచ్చి తోకంతా కోసేసింది. 40 పరుగులకు 5. లేకపోతే మన స్కోరు 330 దగ్గర ఆగేదే కాదు.

నేను చెప్పాలనుకున్నది ఆమె గురించి కాదు, మన స్పిన్నర్ శ్రీచరణి గురించి. కడప జిల్లా పిల్ల. అటు హీలీ 142 బాదుతోంది, బంతి ఎక్కడ వేసినా బౌండరీకే. ఆ చితకబాదుడు మధ్య చరణి పది ఓవర్లూ వేసి 41 పరుగులే ఇచ్చి 3 వికెట్లు తీసింది. అవతలి వాళ్లు 331 కొట్టేసిన మ్యాచ్‌లో ఓవర్‌కి నాలుగు చొప్పున! మ్యాచ్ పోయింది కాబట్టి ఎవరూ చెప్పుకోరు. లేసు అల్లేటప్పుడు ఒక్క ముడి బిగుతుగా ఉన్నా పక్కవన్నీ వదులైతే గుడ్డ నిలవదు. ఆ రోజు ఆ పిల్ల పని అలాగే అయింది.

లంక_లెఫ్టార్మ్ | రాత్రి 10:50

అక్కా, తప్పు ఒప్పుకుంటున్నాను. పైగా ఆమెదీ ఎడమచెయ్యే.

ఇక నా ఓటు. షమీ, 2019, దక్షిణాఫ్రికా రెండో ఇన్నింగ్స్. 35కి 5.

ఎందుకో చెప్పాలంటే మా చేలోకి రావాలి మీరు. దాళ్వా (రెండో వరి పంట) కోసేశాక మే నెలలో మాకు అదే గ్రౌండ్. ఎండకి నేల నెర్రెలిచ్చి ఉంటుంది. బంతి నెర్రె అంచున పడిందంటే మోకాలి దగ్గరికి లేవాల్సింది పాములా పాక్కుంటూ పోతుంది. మాలో కొత్త బౌలర్లకి అది చూస్తే ఉత్సాహం పొంగిపోయి, బ్యాట్స్‌మన్ ఒంటికేసి గుద్దుతారు. దాంతో వికెట్ రాదు, గొడవ వస్తుంది. మా సీనియర్ ఒకాయన వికెట్ మొదట్లో కొబ్బరిచిప్ప బోర్లించి, "నెర్రె పని నెర్రె చేస్తుంది, నువ్వు చిప్పకి వెయ్యి" అనేవాడు. కర్ర మీదికి వేస్తే, కిందకి జారిన బంతి ఎల్బీయో బౌల్డో అవుతుంది. పక్కకి వేస్తే ఎంత జారినా కీపర్‌కి నడుం నొప్పి తప్ప ఏం లేదు.

ఐదో రోజు షమీ చేసింది అదే. బవుమాకి వేసిన బంతి చూడండి, లేవనే లేదు. డుప్లెసి బ్యాటు పైకెత్తి వదిలేశాడు, అది వచ్చి స్టంప్‌కి తగిలింది. తర్వాత డికాక్. తర్వాత పీట్. నలుగురూ బౌల్డే! ఐదోవాడు రబాడ మాత్రం కీపర్‌కి దొరికాడు. స్పిన్నర్లు చేయాల్సిన పని నాలుగో ఇన్నింగ్స్‌లో ఫాస్ట్ బౌలర్ చేశాడు. మన గడ్డ మీద మన ఫాస్ట్ బౌలర్ నాలుగో ఇన్నింగ్స్‌లో ఐదు తీయడం 1996లో శ్రీనాథ్ తర్వాత అదే.

గోదారి_గణాంకం | రాత్రి 11:03

షమీకి ఆ గ్రౌండ్‌లో స్టంపులతో పాత పగ ఉంది. 2016 టెస్టులో ఇంగ్లండ్ కుక్‌ని బౌల్డ్ చేస్తే ఆఫ్ స్టంప్ రెండు ముక్కలైంది.

కానీ అదే 2019 మ్యాచ్‌లో మొదటి ఇన్నింగ్స్ ఎవరూ మాట్లాడటం లేదు. ఎల్గర్ 160, డికాక్ 111, దక్షిణాఫ్రికా 431. పిచ్ ఇంకా రోడ్డులా ఉంది. అందులో అశ్విన్ 145 ఇచ్చి 7 తీశాడు. 145 అనగానే మీకు ఎక్కువ అనిపిస్తుంది. ఆ ఏడు రాకపోతే మనకి రెండో ఇన్నింగ్స్ ఆడి డిక్లేర్ చేసే టైమే ఉండేది కాదు, మీ షమీ నెర్రెలూ ఉండేవి కావు. అదే టెస్టులో అశ్విన్‌కి 350 వికెట్లు, 66వ మ్యాచ్‌లో, మురళీధరన్‌తో సమానంగా. జడేజాకి 200, 44వ మ్యాచ్‌లో, ఎడమచేతి బౌలర్లందరిలోనూ వేగంగా. ఆఖరి రోజు జడేజా ఒకే ఓవర్లో మూడు తీశాడు. లెఫ్టార్మ్ తమ్ముడు ఇది ఎలా మర్చిపోయాడో!

లంక_లెఫ్టార్మ్ | రాత్రి 11:05

మర్చిపోలేదు, ఎడమచేతి వాళ్లని మరీ వెనకేసుకొస్తున్నానని అంటారని ఊరుకున్నాను.

భీమవరం_రొయ్య | రాత్రి 11:12

ఐపీఎల్ లెక్కలోకి వస్తుందా? 2016లో పుణె జట్టుకి వైజాగ్ ఇంటి గ్రౌండ్ అయినప్పుడు జంపా 19 పరుగులకు 6 తీసి హైదరాబాద్‌ని ఓడించాడు కదా.

గోదారి_గణాంకం | రాత్రి 11:15

సగం రైటు. 6 తీశాడు, కానీ ఓడిపోయింది పుణెనే! హైదరాబాద్ 137, పుణె 133. ఆరు తీసి కూడా మొహం వేలాడేసుకుని వెళ్లాడు పాపం. అప్పటికి ఐపీఎల్‌లో దానికంటే మెరుగైంది 2008లో సోహైల్ తన్వీర్ 14కి 6 ఒక్కటే. తర్వాత 2019లో అల్జారీ జోసెఫ్ 12కి 6 తీసి రెంటినీ దాటేశాడు. తమాషా ఏంటంటే, అదే ఏడాది డిసెంబరు 18న అదే వైజాగ్‌లో వెస్టిండీస్ మీద వన్డేలో కుల్‌దీప్ హ్యాట్రిక్‌లో మూడో వికెట్ ఈ జోసెఫే. హోప్ క్యాచ్, హోల్డర్ స్టంపింగ్, జోసెఫ్ స్లిప్‌లో. వన్డేల్లో రెండు హ్యాట్రిక్‌లు తీసిన మొదటి భారతీయుడు కుల్‌దీప్.

హైదరాబాద్‌ని వైజాగ్‌లో నిజంగా ముంచింది స్టార్క్. 2025 మార్చి 30, ఢిల్లీ తరఫున, 35కి 5.

భీమవరం_రొయ్య | రాత్రి 11:17

మళ్లీ స్టార్కేనా! ఈయనకి మా జిల్లా మీద ఏం కోపమండీ?

కాకినాడ_కాజా | ఆదివారం, ఉదయం 7:40

రాత్రి నిద్రపోయాను, లేచి చూస్తే ఇంత జరిగింది. బుమ్రా పేరు గణాంకం గారి పట్టీలో తప్ప ఎక్కడా లేదు. అన్యాయం.

ఉద్యోగం వైజాగ్‌లో కాబట్టి 2024 ఫిబ్రవరి 3, శనివారం, ఇంగ్లండ్‌తో టెస్టు రెండో రోజు ఆట మొత్తం చూశాను. లెఫ్టార్మ్ చెప్పిన నెర్రెల సాయం అక్కడ లేదు. ఉదయం జైస్వాల్ 209 చేసి వెళ్లాడు. తర్వాత క్రాలీ బౌండరీలు కొడుతున్నాడు. ఇంగ్లండ్ 114కి ఒకటే. నా పక్కన కూర్చున్న పెద్దాయన పల్లీలు ఒలుచుకుంటూ, "ఇది మన రోజు కాదులే" అన్నాడు.

అక్షర్ క్రాలీని తీశాక బుమ్రా వచ్చాడు. బంతి పాతబడింది, ఒక పక్క గరుకు, ఒక పక్క నునుపు. ఇప్పుడు ఉమ్ము రాయనివ్వరు కాబట్టి చెమటతోనే తుడుస్తున్నారు, అది స్టాండ్‌లోంచి కూడా కనబడుతోంది. రూట్‌కి లోపలికొచ్చేవి వేసి వేసి, ఒకటి బయటికి తీశాడు. స్లిప్‌లో గిల్. ఇది మామూలు తెలివే అనుకోండి.

తర్వాత పోప్. ముందు టెస్టులో హైదరాబాద్‌లో 196 కొట్టి మన కొంప ముంచినవాడు. బుమ్రా పరుగు మీకు తెలుసు కదా, పరుగు కూడా కాదది, గుమ్మం ముందు తచ్చాడినట్టు నాలుగు అడుగులు. బంతి గాలిలో బయట ఉన్నట్టే ఉంది. చివర్లో లోపలికి దిగి కాళ్ల మొదట్లో పడింది. పోప్ బ్యాటు దించేలోపు రెండు స్టంపులు లేచిపోయాయి, ఒకటి అటు, ఒకటి ఇటు. ఒక్క క్షణం స్టేడియం అంతా చప్పుడు లేదు. ఆ తర్వాత వచ్చిన కేక ఇంకా చెవుల్లో ఉంది. పెద్దాయన పల్లీల పొట్లం నా ఒళ్లో పడింది.

స్టోక్స్‌ని బౌల్డ్ చేస్తే అతను బ్యాటు చేతిలోంచి వదిలేసి, "దీన్ని ఏం ఆడమంటారు?" అన్నట్టు రెండు చేతులూ చాపాడు. బుమ్రాకి అది 150వ టెస్టు వికెట్, 34వ మ్యాచ్. మన ఫాస్ట్ బౌలర్లలో అంత తొందరగా ఎవరూ చేరలేదు. ఆఖరున అండర్సన్ ఎల్బీతో 45కి 6. రెండో ఇన్నింగ్స్‌లో ఇంకో మూడు, మ్యాచ్‌లో 91కి 9. ఆ వారమే టెస్టు బౌలర్లలో ప్రపంచంలో ఒకటో నంబరయ్యాడు, మన ఫాస్ట్ బౌలర్లలో ఆ కుర్చీ ఎక్కిన మొదటివాడు.

వికెట్ల వెనక ఉన్నది మన వైజాగ్ కుర్రాడు కె.ఎస్. భరత్. సొంత ఊళ్లో ఆ బంతులు గ్లవ్స్‌తో పట్టుకున్నాడు. ఆ అదృష్టానికి నాకు కొంచెం అసూయే.

లంక_లెఫ్టార్మ్ | ఉదయం 8:05

కాజా గారూ, రాసింది చదివి నా ఓటు ఊగిపోతోంది. అయినా ఒక మాట. బుమ్రా బంతి గాలిలో చేసింది, షమీ నేలతో చేయించాడు. నేల ఎలా ఉంటే అలా మారగలిగినవాడికే నేను ఓటేస్తాను.

అరటిగెల_రావులపాలెం | ఉదయం 8:11

నేలా లేదు, గాలీ లేదు, 79 ఆలౌట్ అండి, 79! మా అరటి మార్కెట్లో గెల రేటు కూడా అంతకంటే ఎక్కువ.

నరసాపురం_లేసు | ఉదయం 8:20

అండర్సన్ పేరు వచ్చింది కాబట్టి. 2016లో ఇదే గ్రౌండ్‌లో రెండు ఇన్నింగ్స్‌లోనూ మొదటి బంతికే అవుటైంది ఆయనే కదూ? ఒకసారి అశ్విన్‌కి, ఒకసారి జయంత్ యాదవ్‌కి.

గోదారి_గణాంకం | ఉదయం 8:22

అవునక్కా, రెండూ ఎల్బీలే. కానీ అదే పెద్దమనిషి ఏడేళ్ల తర్వాత 41 ఏళ్ల వయసులో వచ్చి, మనవాళ్లు 396 కొట్టిన ఇన్నింగ్స్‌లో 25 ఓవర్లు వేసి 47 పరుగులే ఇచ్చి 3 తీశాడు. ఈ థ్రెడ్‌లో ఓడినవాళ్లకి ఓటుంటే నాది దానికే.

పాలకొల్లు_పెద్దాయన | ఉదయం 9:30

అటక మీదివి దించి నోట్‌బుక్ వెతికాను. దొరికింది. ఫొటో మనవడు పెడతానన్నాడు కానీ ముందే చెబుతున్నా, నవ్వకండి.

శ్రీకాంత్ పేరు, ఓవర్లు, అన్నీ నా చేతిరాతే, సిరా కొంచెం వెలిసింది. ఆ పేజీలో మిగిలిన ఖాళీ అంతా 1989 జనవరి పాల లెక్క. మా ఆవిడ రాసింది. లీటరు, అర లీటరు, లీటరు, నాగా. ఐదు వికెట్ల ఎదురుగా నేను 27 అని రాసి గుండ్రంగా గీత చుట్టాను. ఇప్పుడు కళ్లజోడు పెట్టుకుని చూసి, "ఈ ఇరవై ఏడు రూపాయలు పాలవాడికి ఇచ్చామా, లేదా?" అని అడుగుతోంది.

భీమవరం_రొయ్య | ఉదయం 9:33

మాస్టారూ, ఇచ్చేశామని చెప్పండి. నేను మ్యాచ్ రద్దయిందని చెప్పలేదా!